ఛాతీ మీద చెయ్యిపెట్టి కొన్న రిసీవర్

పెట్టె సంగతి

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక ఆడియో షాపులో నా ఉద్యోగం మొత్తం గడిచిపోయింది. రేడియోలు బాగుచేసే బల్ల దగ్గర మొదలుపెట్టి, హోమ్ థియేటర్లు అమ్మి, ఇళ్లకు పోయి బిగించి వచ్చేదాకా ఎదిగాను. ఏం అమ్మేవారని ఎవరైనా అడిగితే రిసీవర్లు అంటాను. కేబుల్ వాణ్ణనుకుని, మా ఇంట్లో బొమ్మ సరిగా రావట్లేదని మొదలుపెడతారు.

అందుకని ముందే చెప్పేస్తాను. రిసీవర్ అంటే ఒక బరువైన నల్ల పెట్టె. టీవీ నుంచో, డిస్కు ప్లేయర్ నుంచో వచ్చిన శబ్దాన్ని విడదీసి, బలమిచ్చి, గది చుట్టూ పెట్టిన స్పీకర్లకు పంచుతుంది. మాటలు టీవీ కింద పెట్టే మధ్య స్పీకర్‌కు పోతాయి. పాటలూ సంగీతమూ ముందు రెండింటికి, వాన చప్పుడూ జనం గోలా వెనక రెండింటికి పోతాయి. ఉరుములు, బాంబులు, లారీ ఇంజన్లు, ఇలాంటి మోతంతా నేల మీద పెట్టే పెద్ద డబ్బాకు పోతుంది. దాని పూర్తి పేరు సబ్‌వూఫర్. మేము సబ్ అనేవాళ్లం.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లకు కంపెనీలు ట్రైనింగ్ ఇస్తాయి. వాట్లు, ఓములు, ఛానళ్లు బట్టీ పట్టిస్తారు. అవి తెలియాలి, కాదనను. కానీ ఆ ట్రైనింగులో చెప్పని సంగతి ఒకటుంది. దాన్ని నేను ఎల్‌బీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు డాబా మీద నేర్చుకున్నాను. అలా నేర్చుకోవలసిన అవసరం ఇంకెవరికీ రాకూడదని ఇది రాస్తున్నాను.

మా ఓనరు, ఆయన డెమో

మా ఓనరు కోటేశ్వరరావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినాయన. నాది నల్లగొండ దగ్గర పల్లె. ఆయన నన్ను ఎన్ని తిట్లు తిట్టారో లెక్కలేదు. నా పెళ్లాం ఆసుపత్రిలో ఉంటే క్యారేజీ పట్టుకుని వచ్చిందీ ఆయనే. మనిషి మంచివాడే. అమ్మకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆయనకు కళ్లు కనపడేవి కావు.

షాపు వెనక ఒక అద్దాల గది ఉండేది. కస్టమర్‌ని కుటుంబంతో సహా అందులో కూర్చోబెట్టి, ఏసీ వేసి, ఏదో ఒక యుద్ధం సీను పెట్టేవారు. తరవాత ఆయన సొంత మంత్రం ఒకటుండేది. "మీ కుడిచెయ్యి ఛాతీ మీద పెట్టుకోండి. ఆఁ, అలాగే. ఇప్పుడు చూడండి" అని సౌండు పెంచేవారు. తాతలు, అత్తగార్లు, పిల్లలు అందరూ ప్రమాణం చేసేవాళ్లలా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాళ్లు. బాంబు పడేది. చేతికి గుద్దు తగిలేది. "తెలిసిందాండీ?" అనేవారు. తెలియకేం, బిల్లు కౌంటర్ దాకా తెలిసేది. తరవాత తరవాత ఆ రోడ్డు మీద అన్ని షాపుల్లోనూ అదే ఆచారమైపోయింది. జనం కూడా లోపలికి వస్తూనే చెయ్యి ఛాతీ మీద పెట్టుకోవడం మొదలుపెట్టారు.

రిసీవర్‌ని ఎంచుకునే పద్ధతి అది కాదు. అట్టపెట్టె మీద వెయ్యి వాట్లని రాసి ఉంటుంది. అది ఒక స్పీకర్‌ని ఒక్క క్షణం అరిపిస్తే వచ్చే లెక్క. అన్ని స్పీకర్లూ కలిసి గంటసేపు మోగితే ఎంతిస్తుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది ఎవరూ చదవరు. వాపును చూసి బలుపనుకునే వ్యాపారం మాది. చిన్న గదికి చిన్న పెట్టె చాలు. మంచి మధ్య స్పీకర్ ఉంటే మాటలు తెలుస్తాయి, మాటలు తెలిస్తే సౌండు పెంచే పనే ఉండదు. ఇంతే శాస్త్రం. ఇది చెప్తే కస్టమర్ చిన్నబుచ్చుకునేవాడు, ఓనరు కళ్లెర్రజేసేవారు.

పెట్టెకు గాలి ఆడాలన్నది ఇంకో మాట. మూసారాంబాగ్‌లో ఒక పెద్దాయన రిసీవర్‌ని అద్దాల షోకేసులో పెట్టి, దాని మీద భార్య అల్లిన లేసు గుడ్డ పరిచి, ఆ పైన వెంకటేశ్వరస్వామి పటం నిలబెట్టాడు. సినిమా చివరికి వచ్చేసరికి పెట్టె వేడెక్కి ఆగిపోయేది. ఆయన దిష్టి తగిలిందని నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. నేను పోయి స్వామివారిని పక్క అరలోకి జరిపి, గుడ్డ తీసి వచ్చాను. తరవాత ఆయన కనపడ్డప్పుడల్లా, స్వామి చెప్తే వింటాడుగానీ మిషను వినదు కదయ్యా అనేవాడు.

అలాంటి నవ్వుల కేసులు ఇంకా చాలా ఉన్నాయి. వాటి కోసం నేను ఇది రాయడం మొదలుపెట్టలేదు.

షట్టర్లు దించిన రోజులు

తెలంగాణ ఉద్యమం వేడెక్కిన ఏళ్లవి. వారంలో ఎన్నిరోజులు షాపు తెరుస్తామో మాకే తెలిసేది కాదు. షట్టరు సగం దించి లోపల కూర్చునేవాళ్లం. డప్పులు దగ్గరకొస్తే మిగతా సగం దించేవాళ్లం. మా బోర్డు మీద ఓనరు గారి సొంత జిల్లా పేరు ఉండేది. ఒకరోజు ఆయన ఎవరూ అడక్కముందే పెయింటర్‌ని పిలిపించి దాని మీద తెల్లరంగు వేయించారు. రంగు పలచగా ఉండి, ఎండ పడితే పాత అక్షరాలు కనపడేవి.

"సత్తయ్యా, మీవాళ్లు మమ్మల్ని వెళ్లమంటారా?" అని నన్నడిగారు ఒకసారి, నవ్వుతూనే.

"మిమ్మల్ని ఎవరు పొమ్మంటరు సార్. మా రాష్ట్రం మాకు కావాలంటున్నం, అంతే" అన్నాను.

ఆ మాట నిజంగానే అన్నాను. కానీ ఆ రోజుల్లో మా అందరికీ ఒక జబ్బు పట్టింది. ఎదుటివాడు ఏం చేసినా దాన్ని అటువాడు, ఇటువాడు అనే లెక్కలో చూసేవాళ్లం. షేర్ ఆటోలో ఒకడు జరగకపోతే కూడా, అటువాడు గనకే జరగలేదనుకునేవాళ్లం. నేనూ తక్కువ తినలేదు.

మాటలు తెలుస్తాయా అని అడిగిన లెక్చరర్

వెంకటరత్నం గారు కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే లెక్చరరు. భీమవరం వైపు మనిషి, యాభై దాటినవాడు. భార్య పద్మావతి గారితో కలిసి రిసీవర్ కొనడానికి వచ్చాడు. ఇల్లు ఎల్‌బీ నగర్‌లో, మూడో అంతస్తు.

ఆయన అడిగిందల్లా ఒకటే. "మాటలు స్పష్టంగా తెలుస్తాయాండీ?" అది రెండుసార్లు, మూడుసార్లు అడిగాడు. ఓనరు గారు ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెయ్యి ఛాతీ మీద పెట్టించారు. నేను పక్కనే నిలబడి, "సార్, మీకు మాటలే కావాలంటే ఈ నడిమి సైజు పెట్టె తీసుకోండి, మధ్య స్పీకర్ పెద్దది పెట్టుకోండి, సబ్ అసలు వద్దు" అన్నాను. ఆయన నావైపు తిరిగి కూడా చూడలేదు. ఇంకోసారి చెప్పాను. ఓనరు ముఖం మీదే చూపు పెట్టి తల ఊపుతూ కూర్చున్నాడు.

నాకు మండింది. మన మాటంటే వీళ్లకు లెక్కలేదు, మనం మూటలు మోయడానికే పనికొస్తాం అనుకున్నాను. మాట్లాడకుండా పక్కకు జరిగాను. ఆయన అన్నింటికంటే పెద్ద పెట్టె, అన్నింటికంటే పెద్ద సబ్ కొనుక్కుని పోయాడు.

కింది ఇంటివాళ్లు

కొన్ని నెలల తరవాత యాదగిరి షాపుకు వచ్చాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. మాటల్లో వాళ్ల ఊరూ మా ఊరూ పక్కపక్కనే అని తేలింది. ఏమీ కొనడానికి రాలేదు.

"సత్తన్నా, పెద్ద డబ్బా మోత తగ్గించేటందుకు మీ తాన ఏమన్న ఉన్నదా?" అనడిగాడు.

"ఎవరి డబ్బా?"

"మా పైన ఉండే లెక్కల సారుది. మీ తాననే కొన్నడంట. నా భార్య అనసూయకు గుండె ఆపరేషన్ అయింది, వాల్వు మార్చిన్రు. దవాఖానోళ్లు మంచిగ పండుకోవాలన్నరు. ఎక్కడ పండుకుంటది? పైనుంచి గుద్దినట్టే ఒస్తది."

"పోయి చెప్పినవా?"

"చెప్పకేంది. నేను చెప్తుంటె తలకాయ ఊపుతడు. అవునండి, అవునండి అంటడు. కిందికి దిగంగనే మళ్ల గదే మోత. నాతోని ఆటలాడుతుండా? మా బావమరిది గరమైపోయి, ఈ గడ్డ మీద ఉండుకుంట మా నెత్తి మీద దుంకుతరా అని తలుపు కాడ నిలబడి లొల్లి చేసిండు. దానికి గూడ తలకాయే ఊపిండు."

ఇంకోమాట కూడా చెప్పాడు. వాళ్ల అమ్మాయి స్వప్న ఆ సారు చెప్పే సెంటర్‌లోనే కోచింగ్‌కు పోతోంది. "నా బిడ్డకు మంచిగనే చెప్తడంట. మా మీదనే కోపం. తెలంగాణ అంటున్నమని కావచ్చు" అన్నాడు.

మరునాడు నేను వాళ్లింటికి పోయాను. అనసూయమ్మ మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. పైన సినిమా నడుస్తోంది. మాటలు వినపడటం లేదు, మోత మాత్రమే కిందికి దిగుతోంది. అల్మారాలో గ్లాసులు సన్నగా కొట్టుకుంటున్నాయి. ఆమె తన చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంది.

"నా గుండె కొట్టుకునేదేదో, పైన కొట్టేదేదో నాకు తెలుస్తలేదన్నా" అంది.

మా షాపులో ఎన్ని వందల చేతులు అలా ఛాతీ మీద ఉండగా చూశానో. ఆ చెయ్యి మాత్రం నేను చూడలేకపోయాను.

పలకని స్పీకర్

పైకి ఎక్కి బెల్లు కొట్టాను. ఆ రోజుల్లో అందరి ఇళ్లలో ఉండే పిట్టకూత బెల్లే. సర్వీసుకు వచ్చానని చెప్పాను. పద్మావతి గారు తలుపు తీసింది. ఆయన సోఫాలోంచి లేచి నవ్వి, కూర్చోమని సైగ చేశాడు.

రిసీవర్ సెట్టింగులు తెరిచి చూశాను. మధ్య స్పీకర్‌ని ఎంత పెంచవచ్చో అంతా పెంచి ఉంది. సన్నటి స్వరాలు పెంచే ట్రెబుల్ సెట్టింగు కూడా చివరి దాకా పోయింది. అదంతా చాలక మొత్తం సౌండు పెంచాడు. మాటల కోసం పెంచుకుంటూ పోతే మోత కూడా దాంతోపాటే పెరిగి, నేలలోంచి కిందికి పోతోంది. ఇదేం పద్ధతి అనుకుంటూ టెస్ట్ టోన్ పెట్టాను. అంటే రిసీవర్ ఒక్కో స్పీకర్‌లోంచి వరసగా 'ష్...' అని చప్పుడు చేస్తుంది, ఇప్పుడు ఏ స్పీకర్ వంతో ఆ పేరు రిసీవర్ అద్దం మీద పడుతుంది. ఏది పలుకుతోంది, ఏది పలకడం లేదని అలా చూసుకుంటాం.

ఎడమది, మధ్యది, కుడిది పలికాయి. "వస్తోందా సార్" అంటే ఆయన రిసీవర్ అద్దం వైపు చూస్తూ తల ఊపుతున్నాడు. వెనక కుడి స్పీకర్ పేరు పడింది. చప్పుడు రాలేదు. చూస్తే దాని వైరు ఊడి నేల మీద వేలాడుతోంది.

"ఆఁ, వస్తోందండీ. బావుంది" అన్నాడాయన.

గదిలో ఏ చప్పుడూ లేదు. పద్మావతి గారు తల దించుకుంది. నాకు షాపులో నేను చెప్పిన మాటలు, ఆయన తిరిగి చూడకపోవడం, యాదగిరి చెప్పిన తల ఊపుడు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఆ వైరు బిగించి లేచాను.

వెళ్లేటప్పుడు ఆమె నా వెంట మెట్ల దాకా వచ్చింది.

"ఎవరికీ చెప్పకండి సత్తయ్య గారూ. రెండేళ్లైంది. గడగడా మోతలైతే తెలుస్తాయి, మాటలే తెలియవు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాక్కొస్తారు. మిషను పెట్టుకోమంటే పిల్లలకు కనపడుతుందంటారు."

"మరి క్లాసులో పిల్లలు డౌట్లు అడిగితే ఎట్లమ్మా?"

"చీటీల మీద రాసి ఇమ్మంటారు. అదేదో కొత్త పద్ధతని మేనేజ్‌మెంటు మెచ్చుకుంది కూడా. నిజం తెలిస్తే ఒక్కపూట ఉంచుతారాండీ? ఇంకో లెక్చరరు గేటు బయటే నిలబడి ఉంటాడు."

"కింద ఆమె పరిస్థితి బాగలేదు. ఇది ఒక్కటి తెలిస్తే వాళ్ల కోపం పోతది" అన్నాను.

"వాళ్లమ్మాయి అదే క్లాసులో కూర్చుంటోందండీ" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నేను మళ్లీ లోపలికి పోయాను.

ఒక పని చేశాను. సబ్‌లో లోపముంది, షాపుకు తీసుకుపోవాలని ఒక కాగితం మీద రాసి ఆయనకు చూపించాను. డబ్బాని భుజాన వేసుకుని కిందికి దిగాను. దారిలో యాదగిరి తలుపు దగ్గర ఆగి, "ఇగ మోత రాదు తమ్మీ. డబ్బా నా తాన ఉంటది" అన్నాను.

"సారు ఒప్పుకున్నడా?"

"ఒప్పుకున్నడు."

ఆ తరవాత వారాలపాటు ఆ ఇంట్లో శబ్దం లేదు. అనసూయమ్మ మధ్యాహ్నాలు నిద్రపోతోందని యాదగిరి ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఏడాది నాకు సంతోషంగా గుర్తున్నది ఆ ఫోను ఒక్కటే.

సమ్మెలో ఒక మధ్యాహ్నం

తరవాత సమ్మె మొదలైంది. ఆఫీసులు, బళ్లు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. డిపోకు తాళం పడి యాదగిరి ఇంట్లో ఉన్నాడు. కోచింగ్ సెంటర్లు మూసేస్తే లెక్చరరూ ఇంట్లోనే ఉన్నాడు. బడంగ్‌పేట్‌లో ఉండే నాకు బండి దొరక్క కొన్నాళ్లు షాపుకు పోలేదు.

ఆ రోజుల్లోనే మా ఓనరు గారికి మూలన పెట్టిన సబ్ కనపడింది. ఫలానా కస్టమర్‌దని ఎవరో చెప్పారు. అన్ని రోజులు రిపేరుకు ఉంచుకుంటే షాపు పరువేం కావాలని ఆయనకు పట్టుకుంది. దాన్ని పక్కన పెట్టి, డెమో గదిలోని ఇంకా పెద్దదాన్ని తన కారులో వేసుకుని, సందులు తిరిగి తిరిగి ఎల్‌బీ నగర్ పోయి, తన చేతుల్తో బిగించి వచ్చారు. పద్మావతి గారు ఆ పూట ఇంట్లో లేదు. వనస్థలిపురంలో చెల్లెలింటికి పోయి బందు వల్ల అక్కడే ఆగిపోయింది. ఉంటే ఆపేదేమో.

"ఛాతీ మీద చెయ్యి పెట్టించి మరీ చూపించానయ్యా, ఎంత సంబరపడ్డాడో" అని నాకు ఫోన్‌లో చెప్పారు. కస్టమర్‌ని అలా చూసుకోవాలని ఆయన నిజంగా నమ్మేవారు. మంచితనంతో చేసిన తప్పును తిట్టడం కష్టం. ఆ విషయంలో నాకు ఆయన మీద ఈనాటికీ కోపం ఉంది, ఆయన లేకపోయినా ఉంది.

వెంటనే పోదామనే బయలుదేరాను. నేను నడుస్తూ ఇంకా దారిలో ఉండగానే అయిపోయింది.

అనసూయమ్మకు ఊపిరి అందలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే, ఊరేగింపు దాటలేక ఎక్కడో ఆగిపోయిందన్నారు. ఆటో ఒక్కటీ లేదు. ఆ బిల్డింగు మొత్తానికి కారు ఉన్నది లెక్చరర్‌కే, కింద గేటు దగ్గరే నిలబడి ఉంది. స్వప్న మెట్లెక్కి పరుగెత్తింది. బెల్లు నొక్కింది. తలుపు మీద రెండు చేతులతో బాదింది. "సార్, మా అమ్మ సార్" అని అరిచింది. లోపల సినిమా నడుస్తోంది. బాంబులు పడుతున్నాయి. ఆమె బాదుడు వాటిలో కలిసిపోయింది. సన్నని పిట్టకూత బెల్లు ఆయన చెవికి ఏనాడో అందకుండా పోయింది. బెల్లు సంగతి నాకు గానీ పద్మావతి గారికి గానీ అంతకుముందు తట్టనే లేదు. ఆమె ఇంట్లో ఉంటే ఆమే తీసేది కదా.

చివరికి పక్కవీధి మనిషి ఎవరో బైకు తెచ్చాడు. మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమె ఆ సాయంత్రమే పోయింది. ముందు తెచ్చినా చెప్పలేమని డాక్టరు అన్నాడట. ఆ మాట యాదగిరి చెవికి ఎక్కలేదు. ఎవరికి ఎక్కుతుంది?

డాబా మీద

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, దూరం జరిగి కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిందంటారు. ఊళ్లో అయితే చెలకలో, అంటే మెట్టచేలో పెడతారు, ఇక్కడ అపార్ట్‌మెంటు డాబా మీద పెట్టారు. అన్నం, కోడికూర, ఆమె ఇష్టంగా తినే సకినాలు. అందరం నీళ్ల ట్యాంకు పక్కన నిలబడ్డాం. అందరికంటే ముందు యాదగిరి, ఆకు మీదే చూపు పెట్టుకుని.

కాకి రాలేదు. ఎండ ఎక్కుతోంది. "ఎవరి మీదనో మనసుల పెట్టుకుని పోయింది" అని ఒక ముసలామె గొణిగింది. యాదగిరి బావమరిది పళ్లు నూరుతూ మెట్లవైపు చూశాడు.

అప్పుడే వెంకటరత్నం గారు డాబా పైకి వచ్చాడు, వెనక పద్మావతి గారు. పరామర్శకు కిందికి పోతే అందరూ పైన ఉన్నారని ఎవరో చెప్పారట. ఆయన చేతులు కట్టుకుని, మా వెనక, గోడ దగ్గర నిలబడ్డాడు. అందరూ తిరిగి ఆయన్నే చూశారు. యాదగిరి మాత్రం తిరగలేదు. ఆకు మీద చూపు తియ్యకుండానే, గొంతు పెంచకుండా అడిగాడు.

"సారూ. నా బిడ్డ తలుపు కొట్టింది నీకు ఇనపడ్డది. ఇని గూడ నువ్వు తియ్యలే. అంతేనా?"

అందరూ తన ముఖంలోకి చూస్తున్నారు కాబట్టి ఏదో అడిగారని వెంకటరత్నం గారికి తెలిసింది. ఆయన మర్యాదగా తల ఊపాడు.

"అవునండీ" అన్నాడు.

బావమరిది ఒక అడుగు ముందుకేశాడు. నేను అడ్డం పోయాను, నోరు తెరిచాను. నాకంటే ముందు పద్మావతి గారు మాట్లాడింది.

"ఆయనకి వినపడదు" అంది. కొంగు నోట్లోంచి తీసి మళ్లీ గట్టిగా అంది. "రెండేళ్లుగా వినపడదు బాబూ. ఇప్పుడు మీరడిగింది కూడా ఆయనకు వినపళ్లేదు. చెప్తే ఉద్యోగం పోతుందని నేనే దాచాను. సత్తయ్య గారిని కూడా నేనే చెప్పొద్దన్నాను."

యాదగిరి అప్పుడు తిరిగాడు. నావైపు ఒకసారి చూశాడు. ఆ చూపు గురించి రాయను.

స్వప్న గోడ దగ్గరే కూర్చుని ఉంది. "చీటీలు గందుకే రాయమన్నడు" అంది, ఎవరితోనో కాదు, తనకు తనే.

యాదగిరి నడిచి వచ్చి లెక్చరర్ ఎదురుగా, ఒక చెయ్యి దూరంలో నిలబడ్డాడు. తన నోటివైపు వేలు చూపించి, ఒక్కో మాటా విడిగా పలికాడు.

"నా బిడ్డ. ఒచ్చి. తలుపు. కొట్టింది. సార్."

వెంకటరత్నం గారు ఆ పెదాలవైపే చూశాడు. తల ఊపడానికి కదిలి, ఆగిపోయాడు. స్వప్నవైపు తిరిగాడు. మూడు రోజులుగా ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాలనీ అంతా కోపంతో చెప్పలేదు, భార్య భయంతో చెప్పలేదు.

"తలుపు కొట్టావామ్మా?" అన్నాడు. "ఎప్పుడు?"

ఆ అమ్మాయి ముఖం మోకాళ్లలో దాచుకుని ఏడ్చింది. అమ్మ పోయాక అప్పటిదాకా ఏడవలేదట. యాదగిరి ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. తిరిగిపోయి ఆకు ముందు కూర్చున్నాడు. మేము దిగేదాకా కాకి రాలేదు.

తరవాత

సమ్మె అయ్యాక కోచింగ్ సెంటర్ తెరిచారు. అప్పటికే ఆ నోటా ఈ నోటా వార్త చేరిపోయింది, వెంకటరత్నం గారిని మళ్లీ పిలవలేదు. వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. రిసీవర్‌ని, స్పీకర్లని ఆయనే షాపుకు తెచ్చి ఇచ్చేశాడు. మా ఓనరు గారు బేరం మాట్లాడబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నా ఎదురుగా వచ్చి నిలబడి, "మీరు ఆ రోజు నాకేదో చెప్పారట. ఏం చెప్పారు?" అనడిగాడు. చిన్న పెట్టె తీసుకోమన్నానని, సబ్ వద్దన్నానని నెమ్మదిగా చెప్పాను. ఆయన తల ఊపాడు. ఈసారి అర్థమయ్యే ఊపాడు.

యాదగిరి తరవాత నాతో మాట్లాడలేదు. తెలంగాణ వచ్చిన రోజు చౌరస్తాలో జనం మధ్య కనపడ్డాడు. చెయ్యి ఊపాను. చూశాడో లేదో తెలియదు.

ఇక ఈ పనిలో కొత్తగా చేరిన మీకు చెప్పవలసింది. వాట్లు నేర్చుకోండి. వైర్లు గట్టిగా బిగించండి. పెట్టెకు గాలి ఆడనివ్వండి, గది చిన్నదైతే చిన్న పెట్టె అమ్మండి, ఓనరు ఏమన్నా సరే. కింది ఇంట్లో ఎవరున్నారో అడగండి. ఎవరినీ ఛాతీ మీద చెయ్యి పెట్టుకోమనకండి.

కానీ ఇవన్నీ రెండో పని. మనిషి షాపులోకి వచ్చి రిసీవర్లవైపు చూస్తున్నప్పుడు, ముందు ఆయన వెనక్కి పోయి నిలబడండి. మామూలు గొంతుతో ఆయన పేరు అడగండి. తిరిగి చూస్తే అప్పుడు రిసీవర్ల సంగతి మాట్లాడండి. తిరగకపోతే కోపం తెచ్చుకోకండి. ఎదురుగా వచ్చి, ముఖంలో ముఖం పెట్టి, మళ్లీ అడగండి.